సిరా పట్టని వేలు

కాశీబుగ్గ బడిలో రెండో గది.
ఎడమ చెయ్యి చాపమన్నాడు పోలింగు బాబు.
చాపేను.
సిరా పుల్ల గాల్లోనే ఆగిపోయింది.
గోరెక్కడో, జీడినూనె తిన్న తోలెక్కడో
పోల్చుకోలేక కళ్లజోడు పైకెత్తేడు.
"ఎక్కడ పెట్టమంటావమ్మా? పెట్టినా కనబడదు.
నువ్వు పది ఓట్లేసినా అడిగేవాడుండడు."
మంచివాడే. నవ్వేడు. నేనూ నవ్వేను.
"పదేస్తే ఒకటైనా ఇనబడతాదా బావూ?"

ఇరవై ఆరేళ్లుగా పిక్క కొడుతున్నాను.
కాలితో మీట తొక్కితే కత్తి దిగుతాది,
చేత్తో తిప్పితే పప్పు లేస్తాది.
తెలుపు డబ్బాలోకి పోతాది,
నలుపు మాకొగ్గేసి.

రసీదు పుస్తకం తవిటమ్మప్ప ఇచ్చింది,
ఆస్పత్రి మంచం మీంచి, కిడ్నీలు రెండూ పోయేక.
"జెండా మారినా లెక్క మారకూడదే" అంది.
నెలకి పది రూపాయలు.
ఆ పది కోసం నేను విన్న మాటలు రాస్తే
ఇంకో పుస్తకం నిండుతాది.
"సేటు చూస్తన్నాడు, తరవాత రా."
"మీ యూనియను మా గుంటడికి ఉజ్జోగం ఏయించిందా ఏటి?"

సమ్మె జరిగిన ఏడు
పందొమ్మిది రోజులు బోర్మాలు చల్లారి ఉన్నాయి.
కిలోకి రెండు రూపాయలు పెంచమన్నాం.
వేగిన పిక్క కంపు పోయి
పలాసకి తన సొంత వాసనేదో
మొదటిసారి తెలిసింది.
రైల్వే గేటు దగ్గర గంజి కాచేం.
అప్పుడొచ్చేరు వాళ్లు, కార్లేసుకుని,
ఎలక్షను మూడు నెలలుందనగా.
మా చాప మీదే కూర్చుని గంజి తాగేరు.
ఫోటో అయ్యేక గ్లాసు కింద పెట్టేరు.
సగం అలాగే ఉంది.
తవిటమ్మప్ప పారబొయ్యనివ్వలేదు.
"మన బియ్యం" అంది.

లేబరాఫీసులో మాటలు కుదిరేయి.
రెండడిగితే రూపాయి పావలా.
ఆ కాగితం మీద సంతకం పెట్టిన మా జోగయ్య
మరుసటేడు మార్కెట్ కమిటీలో తేలేడు.
తప్పంటారా?
తుఫానుకి లేచిపోయిన రేకులు, కూతురి కాలేజీ ఫీజు.
వాడి చోట నేనుంటే
ఏం చేసేదాన్నో నాకే తెలీదు.

ఇప్పుడు షెడ్డుకి మూడు యూనియన్లు.
జెండాలు మూడు, ఇనప గొట్టం ఒకటే.
రెండోది కొనడానికి ఎవరి దగ్గరా డబ్బుల్లేవు.
గాలొస్తే మూడూ ఒకదాన్నొకటి కొట్టుకుంటాయి.
సేటు కిటికీలోంచి చూస్తూ టీ తాగుతాడు.

మొన్న కొత్త మిషను దించేడు.
నలభై మంది కొట్టే పిక్కలు అదొక్కటే కొడతాది.
చందా అడగదు,
చెయ్యి మండితే బూడిద రాసుకోదు.
ఆ రోజు మూడు యూనియన్ల వాళ్లమూ
గేటు దగ్గర నిలబడ్డాం, ఎవరికి వాళ్లం.
ఎండెక్కేక లారీ పక్కకి జరిగేం.
నీడ అక్కడొక్కటే ఉంది మరి.

ఓట్ల ముందు ఒకాయన నన్ను పక్కకి పిలిచి
"నీ చేతిలో ఎన్నున్నాయి?" అనడిగేడు.
రసీదులైతే మూడొందల పన్నెండు బాబూ.
ఓట్లంటావా,
కులం పట్టుకుపోయినవి పట్టుకుపోగా,
సీసా పట్టుకుపోయినవి పట్టుకుపోగా,
ఇంట్లో మొగాడు చెప్పిన గుర్తుకి పోయినవి పోగా
మిగిలిందెంతో
నేనూ ఆ పెట్టె తెరిచేకే చూస్తాను.

రేషను మిషను మా వేళ్లని ఒప్పుకోదు.
గీతలరిగిపోయేయి, మళ్లీ పెట్టు, మళ్లీ పెట్టు అంటాది.
రసీదు పుస్తకం అలా అనదు.
సంతకం రానివాళ్లు నొక్కి పోతారు.
గీతల్లేని నల్ల మచ్చలు, అన్నీ ఒకేలా.
ఏది ఎవరిదో నాకు తెలుసు.

రాత్రి లాంతరు దగ్గర, కరెంటు లేదు,
ఈ నెల లెక్క రాసుకుంటున్నాను.
మామిడి రత్నాలు, పది.
సవర బూదెమ్మ, పది.
దాసరి ఎర్రన్నమ్మ, ఐదు.
మిగతా ఐదు
రేపు బోర్మా తెరిచేలోగా ఇస్తానంది.